కాండిల్‌మాస్ "ది డోర్ టు డూమ్": అంత బరువు ఎక్కడి నుంచి వస్తున్నది?

రేకుల_షెడ్డు (హనుమకొండ)
అన్నలూ, కాండిల్‌మాస్ అనే స్వీడన్ డూమ్ మెటల్ (మెల్లగ, బరువుగ నడిచే మెటల్) బ్యాండ్ ఆల్బమ్ "ది డోర్ టు డూమ్"ల "ఆస్టొరోలస్" పాట ఒక్కటన్న సక్కగ వాయించాలె అని పట్టుకున్నం. గిటార్లు రెండు, బేస్, డ్రమ్స్. తీగలు సి షార్ప్ దాంక దించినం, గెయిన్ (ఆంప్‌ల సప్పుడును గరుకు చేసే నాబ్) నిండ పెట్టినం. సప్పుడైతే మస్తు పెద్దగ వస్తున్నది గాని బరువు లేదు. రిఫ్ (మళ్ల మళ్ల వచ్చే గిటార్ వరుస) అంతా బురదల దిగవడ్డట్టు ఉన్నది. 2019 ఆల్బమ్ కదా, పాత రికార్డుల కన్న శుభ్రంగనే ఉన్నది, అయినా ఛాతి మీద బండ పెట్టినట్టు ఎట్ల వినవడ్తది? మా దగ్గర ఏం తక్కువ?

ఒకటిన్నర_శ్రుతి (వరంగల్)
తక్కువేం లేదు తమ్మి, ఎక్కువైంది. ముందు గెయిన్ సగానికి దించు. నాబ్ గడియారం లెక్కన 11 గంటల కాడ ఆపి విను. గెయిన్ నిండ పెడితే తీగ కొట్టిన మొదటి దెబ్బకూ, రెండు సెకన్ల తర్వాత మిగిలిన మోతకూ తేడా ఉండదు. మెల్లగ నడిచే పాటల ఆ తేడానే బరువు. దెబ్బ పడాలె, తర్వాత మోత సాగుకుంట సన్నబడాలె. మొత్తం ఒకే ఎత్తుల గోడ లెక్క ఉంటే చెవికి అది గోడే, బండ కాదు.

ఇగ ఆల్బమ్ ముచ్చట. కాండిల్‌మాస్ అంటే 1986 "ఎపికస్ డూమికస్ మెటాలికస్", లేకపోతే 1987 "నైట్‌ఫాల్" అనేటోళ్లే ఎక్కువ. నా మాటల, పాటలు కట్టిన తీరు చూస్తే 2019ది వాటి పక్కన నిలవడ్తది. బ్యాండ్ బేసిస్టు, పాటలు కట్టే లీఫ్ ఎడ్లింగ్ రిఫ్‌లు రాసే పద్ధతి మారలేదు, మధ్యల వదిలే ఖాళీ మారింది. రెండు గిటార్లు ఒకే రిఫ్ వాయిస్తున్నప్పుడు కూడా సింబల్ మోత పూర్తిగ వినవడేంత జాగ ఉన్నది. మీరు పట్టుకోవాల్సింది ఆ జాగను.

కోట_గుమ్మం (వరంగల్)
చిన్న చేర్పు, కొత్తవాళ్ల కోసం. యోహాన్ లాంగ్‌క్విస్ట్ 1986 ఆల్బమ్‌లో సెషన్ గాయకుడిగా మాత్రమే పాడాడు. తర్వాత మెసయ్యా మార్కోలిన్ వచ్చాడు, ఇంకా చాలామంది వచ్చి వెళ్లారు. 2007 నుంచి 2012 దాకా రాబర్ట్ లో (Lowe) అనే గాయకుడు, తర్వాత మాట్స్ లెవెన్. 2012 నాటి "సామ్స్ ఫర్ ద డెడ్" చివరి ఆల్బమ్ అని వాళ్లే ప్రకటించారు కూడా. 2018లో లాంగ్‌క్విస్ట్ తిరిగొచ్చాడు, 2019 ఫిబ్రవరిలో "ది డోర్ టు డూమ్" వచ్చింది. మొదటి ఆల్బమ్ గొంతు 33 ఏళ్ల తర్వాత మళ్లీ. "హౌస్ ఆఫ్ డూమ్" పాటను 2018 ఈపీలో (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డు) లెవెన్ పాడాడు, ఆల్బమ్‌లో అదే పాట లాంగ్‌క్విస్ట్ గొంతులో ఉంది. రెండూ వెంట వెంట వినండి. గొంతు మారితే అదే రిఫ్ ఎంత వేరుగా కూర్చుంటుందో తెలుస్తుంది.

పెట్టెల_సౌండ్ (కరీంనగర్)
మార్కోలిన్ ముందల ఎవలూ పనికిరారు. మాట అనేసిన, ఇగ తిట్టుకోండ్రి.

కోట_గుమ్మం
తిట్టేదేముంది. మార్కోలిన్ గొంతులో కంపితం (స్వరం ఊపు) పెద్దది, నాటకం ఎక్కువ, రిఫ్ పైన జెండాలా ఎగురుతుంది. లాంగ్‌క్విస్ట్ గొంతు కాస్త పొడిగా, దగ్గరగా ఉండి రిఫ్ లోపలికి దిగుతుంది. 2019 రికార్డింగ్‌లో గిటార్లకు నడుమ స్వరాలు నిండుగా ఉన్నాయి కాబట్టి ఈ గొంతే సరిపోయింది. దాని మీద ఒపెరా కంపితం పెట్టి ఉంటే రెండూ ఒకదాన్నొకటి నెట్టుకునేవి.

రేకుల_షెడ్డు
గెయిన్ దించి చూసిన. సాఫ్ అయింది, నిజమే. ఇప్పుడు ఇంకో పరేషాన్. తీగలు వదులు వదులుగ ఉన్నయి, కొట్టంగనే శ్రుతి పైకి పోయి మళ్ల కిందికి వస్తున్నది. 10-46 సెట్టే (సన్న తీగ లావు అంగుళంల వెయ్యో వంతులు 10, లావుది 46) ఉన్నది గిటార్ మీద.

ఒకటిన్నర_శ్రుతి
అగో, సగం బురద అక్కడనే ఉన్నది.

లెక్క చూడు. మామూలు E స్వరం నుంచి సి షార్ప్ దాంక మూడు అరస్వరాలు దించితే ఫ్రీక్వెన్సీ 0.84 వంతు అయితది. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గంతోని మారుతది, అంటే 0.71 వంతు. నూటికి ముప్పై పాళ్ల దాంక బిగువు పోయినట్టే. వదులు తీగను గట్టిగ కొడితే ఊపు పెద్దది, ఆ ఊపుకు తీగ సాగి శ్రుతి పైకి పోతది, మెల్లగ దిగుతది. రెండు గిటార్లు ఒక్కొక్కటి ఒక్కో తీరుగ దిగితే మధ్యల ఊగుడు పుడ్తది. అదే నీకు బురద లెక్క వినవడేది.

పోయిన బిగువు తిరిగి రావాలంటే లావు 1.19 రెట్లు కావాలె. 46 కాడ 55, 10 కాడ 12. అంటే 12-56 సెట్టు. అది సి షార్ప్‌ల ఉంటే, 10-46 మామూలు E శ్రుతిల ఉన్నప్పటి బిగువే దాదాపు. వేళ్లకు కొత్తగ అనిపియ్యదు. 11-54 కూడ నడుస్తది, సోలోలు వాయించే గిటార్‌కైతే అదే హాయి. 25.5 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) కాకుండ 24.75 ఉన్న గిటార్ అయితే బిగువు ఇంకో ఆరు పాళ్లు తగ్గుతది, దానికి 12 సెట్టే వెయ్యి.

తీగలు మార్చినంక చేసేటివి ఇవి, వరుస తప్పొద్దు. ముందు శ్రుతికి తెచ్చి ఒక్కొక్క తీగను మెల్లగ పైకి లాగి సాగదియ్యి, మళ్ల శ్రుతి చెయ్యి, ఐదారు సార్లు. తర్వాత మెడ వంపు. 1వ ఫ్రెట్ కాడ, చివరి ఫ్రెట్ కాడ లావు తీగను నొక్కి పట్టి, 7వ ఫ్రెట్ కాడ సందు చూడు. 0.25 నుంచి 0.3 మిల్లీమీటర్ ఉండాలె, విజిటింగ్ కార్డు అటూ ఇటూ ఆనుకుంట దూరేంత. ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి ఇనుప కడ్డీ) ఒక్కసారికి పావు చుట్టు కన్న ఎక్కువ తిప్పకు. తర్వాత ఎత్తు, 12వ ఫ్రెట్ మీద లావు తీగకు 2 నుంచి 2.4 మిల్లీమీటర్లు. ఇంటొనేషన్ (పై ఫ్రెట్‌ల కాడ కూడా శ్రుతి సరిగ ఉండేటట్టు చేసుడు) ఆఖరుకు. 12వ ఫ్రెట్ నొక్కిన స్వరం, అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండ తాకి మీటితే వచ్చే స్వరం) కన్న పైకి ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) వెనుకకు జరుపు. లావు తీగకు ఎప్పుడూ వెనుకకే జరపాల్సి వస్తది. ఇంటొనేషన్ చూసేటప్పుడు నువ్వు పాటల కొట్టే బలంతోనే కొట్టు. ముద్దుగ మీటితే ట్యూనర్ ఒకటి చెప్తది, స్టేజీ మీద ఇంకొకటి వినవడ్తది.

అన్నట్టు సి షార్ప్ అంటే మన కచేరీల ఒకటిన్నర శ్రుతి. పేరు అందుకే పెట్టుకున్న.

మానేరు_బేస్ (కరీంనగర్)
బేస్ సంగతి ఎవరూ అడగరు. నేనే చెప్తా.

నాలుగు తీగల బేస్‌లో 105 తీగను సి షార్ప్‌కు దించితే తాడులా ఊగుతుంది, ఫ్రెట్‌లకు తగిలి చిటపట. ఐదు తీగల సెట్టు కొని సన్నదాన్ని పక్కన పెట్టండి, 125 లేదా 130 తీగ కింద వేసుకోండి. లెక్క ప్రకారం 105 కి 1.19 కడితే 125 వస్తుంది. నట్ (మెడ పై కొసన తీగలు కూర్చునే పట్టీ) గాడి సరిపోదు, వెడల్పు చేయించాలి.

ఇంకో సంగతి. డిస్టార్షన్‌లో (గెయిన్ పెంచి గరుకు చేసిన చప్పుడులో) పవర్ కార్డ్ (షడ్జం, పంచమం కలిపి) కొట్టినప్పుడు రెండు స్వరాల తేడా కూడా వినిపిస్తుంది. గిటార్‌లో సి షార్ప్ 69.3 హెర్ట్జ్, దాని పంచమం 103.9 దగ్గర. తేడా 34.6. అదే బేస్ అడుగు సి షార్ప్! అంటే గిటార్లే బేస్ జాగాలో కాలు పెడుతున్నాయి. గిటార్ ఆంప్ మీద బేస్ నాబ్ పెంచితే ఎవరి స్వరం ఎవరిదో తెలీదు. గిటార్లలో బేస్ తగ్గించండి, నడుమ పెంచండి. నడుమ స్వరాలు లోతుగా కోసేసే పద్ధతి త్రాష్‌కు (వేగంగా వాయించే మెటల్) నడుస్తుంది, ఇక్కడ నడవదు. బేస్‌కు కొంచెం ఓవర్‌డ్రైవ్ ఇచ్చి 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఎత్తండి. 34 హెర్ట్జ్‌ను మామూలు 15 అంగుళాల పెట్టె సరిగా పలకదు. చెవి 69, 104 విని అడుగు స్వరాన్ని తనే ఊహించుకుంటుంది.

కార్డ్‌లో గాంధారం కలపకండి. ఈ గెయిన్‌లో షడ్జం, పంచమం, పై షడ్జం చాలు. గాంధారం కలిస్తే తేడా స్వరాలు గజిబిజి అవుతాయి. అది సోలో గిటార్‌కు వదిలేయండి.

మొబైల్ ట్యూనర్ అడుగు స్వరాన్ని పట్టకపోతే 12వ ఫ్రెట్ హార్మోనిక్ మీద శ్రుతి చేయండి.

కాజీపేట_జంక్షన్
నేను డ్రమ్స్ వైపు నుంచి. వీళ్లు ఎంత చెప్పినా డ్రమ్మర్ ఉరికితే అంతా గంగల కలుస్తది.

మెల్లగ వాయించుడు వేగంగ వాయించుడు కన్న కష్టం, ఇది ఉత్త మాట కాదు. 50 బీపీఎంల (నిమిషానికి 50 దెబ్బలు) రెండు దెబ్బల నడుమ 1.2 సెకన్లు. అంత ఎడం మనసు సరిగ్గ కొలవలేదు, ఖాళీ చూసి భయపడి ముందే దుంకుతది. అందుకే లోపల చిన్న లెక్క పెట్టుకోవాలె. ఒక్క దెబ్బను నాలుగు చేసి తకధిమి అనుకుంటే ఒక్కో అక్షరం 0.3 సెకన్లు. దాన్ని మనసు సులువుగ పట్టుకుంటది.

సాధన ఇట్ల: మొదటి వారం క్లిక్‌ను (మెట్రోనోమ్ టిక్కు) 200 మీద పెట్టి 50ల వాయించు. రెండో వారం 100. మూడో వారం 50. తర్వాత ఒక ఆవర్తనం క్లిక్ ఉండి ఇంకో ఆవర్తనం నిశ్శబ్దం ఉండేటట్టు పెట్టుకో. నిశ్శబ్దం అయిపోయి క్లిక్ తిరిగొచ్చినప్పుడు నువ్వు ముందు ఉంటే ఉరుకుతున్నట్టు. నూటికి తొంభై మంది ముందే ఉంటరు.

స్నేర్ క్లిక్ మీద గాని, వెంట్రుకంత వెనుక గాని పడాలె. కిక్ (కాలితోని కొట్టే పెద్ద డ్రమ్) మాత్రం సరిగ్గ గిటార్ దెబ్బ మీద. రెండూ వెనుకకు జరిపితే బరువు రాదు, సోమరితనం వినవడ్తది. క్రాష్ కొట్టినంక చేత్తో పట్టి ఆపకు, మోత పోయేదాంక ఉండనియ్యి. కాండిల్‌మాస్ డ్రమ్మర్ యాన్ లిండ్ ఈ ఆల్బమ్‌ల చేసింది జూడు, ఫిల్ ఎక్కడ అక్కర లేదో అక్కడ చెయ్యలే.

ఇంకోటి, ఈ ఆల్బమ్ మొత్తం మెల్లగ ఉండదు. "స్ప్లెండర్ డెమన్ మెజెస్టీ"తోని మొదలువెడ్తే జోరుగనే పోతది, తర్వాత దిగుతది. పక్కన వేగం ఉంటేనే మెల్లదనం తెలుస్తది. సెట్‌ల మెల్లటి పాటలే ఐదు వరసగ పెడితే జనం ఫోన్లు తీస్తరు.

పెట్టెల_సౌండ్
ఫోన్లు ఎప్పుడైనా తీస్తరు అన్నా.

ఫంక్షన్ హాల్ల వాయిస్తే నా బాధ వినుండ్రి. మన దగ్గర కిరాయి పెట్టెలన్నీ డీజే కోసం కట్టినయి, 18 అంగుళాల డబుల్ బేస్ పెట్టెలు, పైన హార్న్. ఆపరేటర్ చెయ్యి వడంగనే కింద, మీద పెంచి నడుమ కోస్తడు. బతుకమ్మకు, బరాత్‌కు అది కరెక్టే. మీ గిటార్ మొత్తం ఆయన కోసిన నడుములనే ఉన్నది. ముందే చెప్పి పెట్టుకోండ్రి: గిటార్ ఛానల్ల 90 నుంచి 100 హెర్ట్జ్ కింద కోత, 200 నుంచి 300 కాడ రెండు మూడు డెసిబెల్‌లు తగ్గింపు, 800 కాడ ముట్టుకోవద్దు. గొంతుకు 100 కింద కోత. కిక్‌కు 60, బేస్‌కు 80 నుంచి 100, ఇట్ల జాగ పంచుకోవాలె. రెండూ 60 కాడనే కూసుంటే ఆంప్ లైట్ ఎర్రగైతది గాని దెబ్బ వినవడది.

రేకుల_షెడ్డు
హాల్ దాంక ఇంకా పోలే అన్న. మాది 10 బై 20 షట్టర్ రూమ్. బేస్ కొన్ని స్వరాల మీద ఒక్కసారే లేస్తున్నది, కొన్నిటి మీద అసలు వినవడ్తలేదు. కోడిగుడ్ల అట్టలు కొట్టమంటున్నరు.

మానేరు_బేస్
అట్టలు వద్దు. అవి పై స్వరాల కొస మాత్రం కాస్త తగ్గిస్తాయి, బేస్‌కు అడ్డే కాదు, బయటకు పోయే చప్పుడు ఆపవు, నిప్పు అంటుకుంటే భగ్గుమంటాయి.

10 అడుగులంటే సుమారు 3 మీటర్లు. ఆ ఎడంలో నిలబడే స్వరం 57 హెర్ట్జ్ దగ్గర. 20 అడుగుల పొడవుకు 28, దాని రెట్టింపు మళ్లీ 57. పైకప్పు కూడా 10 అడుగులే అయితే మూడు దిక్కుల నుంచీ అదే 57. బేస్‌లో A స్వరం 55, A షార్ప్ 58. ఆ రెండు స్వరాలే లేస్తున్నాయి కదా?

రేకుల_షెడ్డు
అవునన్నా, గవే రెండు!

మానేరు_బేస్
బేస్ ఆంప్ మూలలో ఉంటే మూల నుంచి తీయండి. పొడవు గోడ వెంట మూడో వంతు దూరంలో, గోడకు అడుగున్నర ఎడంగా పెట్టి వినండి. ఈక్వలైజర్‌లో 57 కాడ సన్నగా నాలుగైదు డెసిబెల్‌లు కోయండి. మందం దూది పరుపులు రెండు మూలల్లో నిలబెట్టండి, గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా. బొంతలు గోడకు వేలాడదీస్తే సింబల్ గీర తగ్గుతుంది, అంతకు మించి ఆశించకండి. ఇక షట్టర్ గలగలలాడితే రేకుల సందుల్లో గుడ్డ ముక్కలు దూర్చండి. సి షార్ప్ కొట్టినప్పుడల్లా అది పాటలో ఐదో సభ్యుడిలా మోగుతుంటుంది.

కోట_గుమ్మం
రాగం వైపు ఎవరూ రాలేదు. ఈ సంగీతంలో చీకటి అంతా రెండు స్వరాల్లో ఉంటుంది, శుద్ధ రిషభం, ప్రతి మధ్యమం. షడ్జం నుంచి ప్రతి మధ్యమం ఎడం సరిగ్గా ఆరు అరస్వరాలు. బ్లాక్ సబ్బత్ నుంచి అందరూ పట్టుకున్నది దాన్నే. మామూలు మైనర్ అంటే మన నటభైరవి స్వరాలు, రిషభం శుద్ధం చేస్తే తోడి స్వరాలు. నటభైరవిలో నిషాదం ఒక్కటి పైకి పోతే కీరవాణి, అదే హార్మోనిక్ మైనర్. కాండిల్‌మాస్ గిటారిస్టు లార్స్ యోహాన్సన్ సోలోల్లో ఆ కీరవాణి వాసన తరచు తగులుతుంది. గమకం లేకుండా స్వరాలు మాత్రమే తీసుకున్నట్టు అనుకోండి.

సాధనకు ఒక చిన్న వరుస, ఏ పాటదీ కాదు. అడుగు తీగ మీద 60 బీపీఎంలో: ఖాళీ తీగ 4 దెబ్బలు, 6వ ఫ్రెట్ ఒకటిన్నర దెబ్బ, 5వ ఫ్రెట్ అర దెబ్బ, 1వ ఫ్రెట్ 2 దెబ్బలు. మొత్తం 8 సెకన్లు. ఆఖరి స్వరం నుంచి ఖాళీ తీగకు దిగే చోట తొందర పడకుండా ఉంటే చాలు.

ఒకటిన్నర_శ్రుతి
మంచి వరుస. అరచేతి అదుము లేకుండ వాయించు, మొదట అదుము అలవాటైతే మోత పోతది.

"ఆస్టొరోలస్"ల సోలో సంగతి కూడా. అది టోనీ అయోమీది, బ్లాక్ సబ్బత్ గిటారిస్టే. ఆ పాటకు గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది, అవార్డు మాత్రం టూల్ అనే బ్యాండ్‌కు పోయింది. అయోమీ ఎడమచేతి వాటం, ఫ్యాక్టరీ ప్రమాదంల కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయినయి, తొడుగులు పెట్టుకొని వాయిస్తడు. అందుకే సన్న తీగలు, దించిన శ్రుతి. "లావు తీగ లేకుంటె డూమ్ కాదు" అనేటోళ్లకు ఆయనే జవాబు. మరి ఆయన తీగ వదులుగ ఉన్నా శ్రుతి ఎందుకు ఊగదంటె, కుడిచేత్తోని నొక్కే బలం, ఎడమచేత్తోని కొట్టే బలం రెండూ అదుపుల ఉంటయి. మనకు ఆ అదుపు వచ్చేదాంక 12 సెట్టు.

ఆ సోలో నేర్చుకునేటప్పుడు వేగం చూడకు, తీగ వంచి పట్టుకున్న చోట ఆగుడు చూడు. వంచిన స్వరం లక్ష్యానికి చేరినంకనే కంపితం మొదలైతది. చేరకముందే ఊపితే అపశ్రుతి.

రేకుల_షెడ్డు
ఆఖరి ప్రశ్న. మోత సాగేటప్పుడు కింద గుర్రు వినవడ్తున్నది. నాయిస్ గేట్ (సన్న సప్పుడును మూసేసే పెడల్) పెడితే మోత మధ్యల తెగుతున్నది.

పెట్టెల_సౌండ్
గుర్రు ఏ స్వరమో చూడు. 50 హెర్ట్జ్, దాని మీద 100 అయితే కరెంటు. జి కన్న జరంత పైన ఉంటది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద నడిపిస్తున్నరా? చౌక ఇన్వర్టర్ కరెంటు గుండ్రంగ రాదు, మెట్లు మెట్లుగ వస్తది, దాని మోత పై స్వరాల దాంక గరగర అంటది. దానికి గేట్ మందు కాదు. ఆంప్‌లు, పెడల్ అడాప్టర్లు అన్నీ ఒకే బోర్డుల పెట్టుండ్రి, ట్యూబ్‌లైట్, కూలర్ వేరే లైన్ మీద. గుర్రు పోతదని అడాప్టర్ పిన్నుల నుంచి ఎర్త్ పిన్ను పీకేటోళ్లున్నరు, ప్రాణం మీదికి తెచ్చుకోకుండ్రి. మైక్ పట్టుకున్నోని పెదవికి షాక్ తగుల్తది. ఎర్త్ సరిగ్గ ఉన్నదో లేదో ఎలక్ట్రీషియన్‌తోని చూపించుండ్రి.

గేట్ పెట్టాల్సి వస్తే గెయిన్ కన్న ముందు పెట్టు, గుర్రు కన్న జరంత పైన థ్రెషోల్డ్ (గేట్ తెరుచుకునే మట్టం). రిలీజ్ (గేట్ మూసుకునే టైము) 300 మిల్లీసెకన్ల కన్న ఎక్కువ. పాట మధ్యల మోత సాగేచోట గేట్ అసలు వద్దు, గిటార్ వాల్యూమ్ నాబ్ చిటికెన వేలుతోని దించుకో.

కాజీపేట_జంక్షన్
ఎండాకాలం రేకుల కింద ఇంకో తిరకాసు. వేడికి తీగ సాగి శ్రుతి కిందికి పోతది. కూలర్ గాలి నేరుగ గిటార్ మీద కొడితే తీగ సల్లబడి పైకి పోతది. కూలర్ మొఖం డ్రమ్మర్ దిక్కు తిప్పుండ్రి. సొంత లాభం అనుకున్నా ఫికర్ లేదు.

రేకుల_షెడ్డు
12-56 సెట్టు వేస్తున్న. లావు తీగ నట్‌ల దిగుతలేదు, పైననే కూసున్నది.

ఒకటిన్నర_శ్రుతి
అట్లనే బలవంతంగ నొక్కకు, నట్ పగుల్తది. ఆ ఒక్క గాడిని పక్కలకే సాగదీయాలె, లోతు పెంచొద్దు. నట్ ఫైల్ లేకుంటే పాత 46 తీగ ముక్కకు 600 నంబర్ సాన కాగితం సన్నగ చుట్టి ముందుకు వెనుకకు నాలుగు సార్లు రుద్దు, తీగ పెట్టి చూడు, మళ్ల నాలుగు సార్లు. గాడి హెడ్‌స్టాక్ దిక్కు జరంత వాలి ఉండాలె. గాడి అడుగుల పెన్సిల్ పొడి రాయి, శ్రుతి చేసేటప్పుడు టిక్కుమనదు. మూడో ఫ్రెట్ నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడు, కాగితమంత సందు మిగలాలె. మిగలకుంటే లోతు ఎక్కువైనట్టు, కొత్త నట్ వెయ్యాల్సిందే.